ఇంగ్లండు తల్లి

నేను దుంపలు చెక్కుతున్నాను. తొక్క ఇంకా పల్చగా తియ్యమంది వదిన.

పోయినేడు ఇవి పశువులకు వేసేవాళ్ళు. ఈ చలికాలం మ్యూనిక్ అంతా ఇవే తింటోంది.

వదిన ఒళ్ళో కిలియన్ రొమ్ము పట్టుకుని పీలుస్తాడు, వదిలేసి ఏడుస్తాడు. ఈమధ్య వాడి ఏడుపు కూడా సన్నబడింది.

వాళ్ళ నాన్న, మా అన్నయ్య, యుద్ధంలో ఉన్నాడు.

మా నాన్న పతకాలు చేస్తాడు. శత్రువును వెక్కిరించే పతకాలు. కంచు ఫిరంగులకు పోయింది కాబట్టి ఇప్పుడు ఇనుముతో పోస్తున్నాడు.

ఈసారి బొమ్మ, మన జలాంతర్గాముల దెబ్బకు తిండి లేక మాడుతున్న ఇంగ్లండు తల్లి.

"బిడ్డనెత్తుకుని కాసేపు కూర్చో ఆఫ్రా," అన్నాడు నాన్న వదినతో, కిందటి వారం. "ప్లోనర్‌తో చెప్పి పాలు తెప్పిస్తా."

"కిలియన్‌కేనా మామయ్యా?"

"వాడికి కాక నాకా?"

వదిన చలిలో రవిక విప్పి కూర్చుంది. ఎముకలు తేలేలా వెలుగు పక్కనుంచి పడాలని, నాన్న ఆమె కుర్చీని రెండుసార్లు జరిపాడు.

ఇవాళ పతకాల వ్యాపారి ప్లోనర్ చిన్న పాల క్యానుతో వచ్చాడు.

వదిన లేచి నిలబడింది.

నాన్న క్యాను బల్ల మీద పెట్టి, పతకం ఆయన చేతికిచ్చాడు.

ప్లోనర్ పడీ పడీ నవ్వాడు. "అబ్బ, ఆ దవడలు! ఆ రొమ్ము చూడండి, ఖాళీ సంచి! అనుభవించనీ ముదనష్టపు ఇంగ్లీషువాళ్ళని. అవునూ, మీరు ఇంగ్లండు ఎప్పుడెళ్ళారు?"

"వెళ్ళాలేంటండీ? ఊహ ఉంటే చాలదూ!"

వదిన ప్లోనర్ పక్కనే నిలబడి కాఫీ పోస్తోంది.

ప్లోనర్ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "థూ, బార్లీ. బురదనీళ్ళు."

నాన్న క్యాను మూత తీశాడు.

"మామయ్యా..."

"ఇంటికొచ్చిన మనిషి కదమ్మా. కొంచెమే."

కొంచెమే పోశాడు. ప్లోనర్ కప్పు ఇంకాస్త ముందుకు జరిపాడు.

తర్వాత నాన్న తన కప్పులోనూ పోసుకున్నాడు.

ఒక చుక్క పతకం మీద పడింది. నాన్న దాన్ని వేలితో తీసి నాకాడు.

వదిన కిలియన్‌ని శాలువాలో చుట్టుకుంది. బల్ల దగ్గరికొచ్చి చెయ్యి చాపింది.

ప్లోనర్ తన కప్పు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె క్యాను తీసుకుంది. బిడ్డతో, మిగిలిన పాలతో బయటికి నడిచింది.

మెట్ల మీద క్యాను గలగల కిందిదాకా వినిపించింది.