పూర్తిగా చల్లారాక

అమ్మాయి కొబ్బరి తురుముతోంది. ఇది మూడో చిప్ప.

"నాలుగింటికి హోటల్ మేనేజరు వస్తానన్నాడు. ఆ పొరల పుడ్డింగు ఇవాళైనా నిలుస్తుందా?" గుమ్మంలోంచి అడిగింది అమ్మ.

"నిలుస్తుంది."

"పదకొండుసార్లు ఇదే మాటన్నావు."

అమ్మాయి తురుముతూనే ఉంది. పుడ్డింగు నిలిస్తే హోటల్‌కి వారం వారం చేసివ్వాలి. నిలవకపోతే మళ్ళీ కొట్లో నిలబడి బట్టలు మడతపెట్టే ఉద్యోగం.

బల్ల మీద నాయనమ్మ పుస్తకం తెరిచి ఉంది. ఆవిడ పోయాక పెట్టెలో దొరికింది. నీలం సిరా. ప్రతి తలకట్టూ తోకెత్తినట్టు పైకి లేచి ఉంటుంది. దాన్ని చూసే అమ్మాయి ఇంట్లో తూర్పు దేశాల తీపి వంటల క్లాసు పెట్టింది. నాలుగు ఆదివారాలు.

"మీ నాయనమ్మ పొయ్యి దగ్గర నిలబడగా నేనెప్పుడూ చూడలేదే," అంది అమ్మ.

"నువ్వు కాపురానికొచ్చేసరికి ఆవిడ పెద్దదైపోయిందిగా."

నేర్చుకునేవాళ్ళు ముగ్గురు. పక్కవీధి అక్కచెల్లెళ్ళిద్దరు, ఒక పెద్దావిడ. అక్కచెల్లెళ్ళు నేర్చుకోవడానికి వచ్చేవారు. పెద్దావిడ కాదనడానికి వచ్చేది.

మొదటి వారం కొబ్బరిపాలు పొయ్యి మీద ఉండగానే అందుకుంది. "మరగనివ్వకు తల్లీ, విరుగుతాయి."

"బాగా మరిగించాలనే ఉంది పెద్దమ్మగారూ."

"ఉంటుంది. పుస్తకం తప్పు."

పాలు విరిగాయి. కాయ ముదిరిందంది అమ్మాయి.

రెండో వారం జెల్లీ. "నిమ్మరసం దించాక వెయ్యి," అంది పెద్దావిడ. పుస్తకంలో ముందే వెయ్యమని ఉంది. జెల్లీ గట్టిపడక గ్లాసుల్లో పోసుకుని తాగారు. జెల్లీని గట్టిపరిచే అగర్ పొడి పాతదంది అమ్మాయి.

మూడో వారం, పుస్తకంలో ఉన్నట్టే నానబెడితే, సగ్గుబియ్యం రాత్రంతా నాని ముద్దయింది.

"అంతా పెద్దమ్మగారి నోటి చలవ," అని చెల్లెలు కిసుక్కుమంది.

ఇవాళ నాలుగో ఆదివారం. అమ్మాయి బియ్యప్పిండి కొబ్బరిపాలలో కలిపింది. మొదటి పొర పళ్ళెంలో పోసి ఆవిరికి పెట్టింది. ఉడికాక పట్టకారు అందుకుంది.

"దించకు," అంది పెద్దావిడ.

"ప్రతి పొరా పూర్తిగా చల్లారాక తర్వాతి పొర పొయ్యాలి. చూడండి, రాసి ఉంది."

"చల్లారిన పొరకి ఇంకో పొర అంటుకోదు."

"మా నాయనమ్మ కన్నా మీకెక్కువ తెలుసా?"

అమ్మాయి పళ్ళెం దించి పక్కన పెట్టింది.

"వచ్చే నెల మళ్ళీ క్లాసు పెడతాను. మీరు మాత్రం రావద్దు పెద్దమ్మగారూ."

అక్కచెల్లెళ్ళు తలలు దించుకున్నారు. పెద్దావిడ నవ్వింది.

"ఆ మాట నాకు కొత్త కాదులే."

మధ్యాహ్నానికి పుడ్డింగు కోస్తే, పొరలు పుస్తకంలో కాగితాల్లా దేనికది ఊడి వచ్చాయి. పన్నెండోసారి. అక్కచెల్లెళ్ళు పని ఉందని చెప్పి వెళ్ళిపోయారు.

అమ్మాయి పళ్ళెం కడిగింది. ఇంకో కొబ్బరికాయ కొట్టి, తురమడానికి కూర్చుంది.

"ఇంకా చేస్తావా?" అడిగింది పెద్దావిడ.

"నిలిచేదాకా చేస్తాను. మేనేజరు వచ్చి వెళ్ళిపోయినా సరే."

"ఇన్నిసార్లు చెడింది. ఒక్కసారైనా పుస్తకాన్ని అనుమానించలేదూ?"

"కావాలని తప్పు రాసే మనిషి ఎవరుంటారు?"

"ఉంటారు," అంది పెద్దావిడ. "చేతిలో ఉన్న వంటంతా రాసిమ్మని, రాసిచ్చిన మర్నాడే పనిలోకి రావద్దనేవాళ్ళకి నిజం రాసివ్వాలా? వంటకో అబద్ధం చొప్పున రాస్తారు. నేనైనా అంతే."

"మా నాయనమ్మని ఎవరు పనిలోంచి తీసేస్తారు? మీరేదో మాట్లాడతారు."

అమ్మాయి మళ్ళీ తురమడం మొదలుపెట్టింది. వేలు గీరుకుంది. రక్తం చీకి, గుడ్డ చుట్టుకుని, మళ్ళీ తురిమింది.

పెద్దావిడ ఆ వేలి వంక కాసేపు చూసింది. లేచి కొంగు బిగించింది.

"లే తల్లీ. పాలు నువ్వు తియ్యి. పొయ్యి దగ్గర నేనుంటాను."

కాదనడానికి అమ్మాయికి ఓపిక లేదు.

ఆవిరి నీళ్ళు పిండి మీద పడకుండా పెద్దావిడ మూతకి గుడ్డ కట్టింది. మొదటి పొర బిగుసుకోగానే, దించకుండానే, వేడి మీదే రెండోది పోసింది. తర్వాత మూడోది. గడియారం చూడలేదు. పొరని వేలితో తాకి చూసుకునేది. తొమ్మిది పొరలయ్యాక పళ్ళెం చన్నీళ్ళలో పెట్టింది.

"ఇప్పుడు చల్లారనీ. కొయ్యడానికి తొందరపడకు."

మూడున్నరకి అమ్మాయి కత్తి దింపింది. ముక్క నిటారుగా నిలబడింది. తొమ్మిది గీతలు, దేనికీ సందు లేదు. వంచి చూసింది. వంగింది కానీ విడలేదు.

"అమ్మా, ఇటు చూడు," అంటూ పళ్ళెంతో ముందు గదిలోకి పరుగెత్తింది.

అమ్మ ముక్క నోట్లో పెట్టుకుని, ఇంకోటి అందుకుంది. "ఎలా నిలిచిందే?" అంది చివరికి.

"పెద్దమ్మగారు..." అని అమ్మాయి వెనక్కి తిరిగింది.

పెద్దావిడ వంటగదిలోంచి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఇద్దరినీ దాటుకుని గడప దగ్గర చెప్పులు వేసుకుంది. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

అమ్మాయి వంటగదిలోకి వెళ్ళింది. నాయనమ్మ పుస్తకం మీద పెన్సిల్ అడ్డంగా పెట్టి ఉంది. నాలుగు వంటల్లోనూ ఒక్కో వాక్యం కొట్టేసి ఉంది.

చివరి పేజీలో కొట్టివేత కింద ఇలా ఉంది: "పొర మీద పొర వేడిగానే పొయ్యాలి. పూర్తిగా చల్లారాక కొయ్యాలి."

అమ్మాయి పుస్తకాన్ని కిటికీ వెలుతురులోకి తెచ్చి చూసింది. పైన ఏనాటివో సిరా అక్షరాలు, కింద ఇప్పటి పెన్సిల్ అక్షరాలు, రెంటికీ తలకట్లు ఒకేలా తోకెత్తి ఉన్నాయి.