ఘాట్ రోడ్డు మీద పరీక్ష

బళ్లన్నీ వాటంతటవే నడిచే కాలం వచ్చింది. నడపడానికి లారీ లేకపోయినా మస్తాన్‌వలీ మాత్రం ఐదేళ్లకోసారి లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తూనే ఉన్నాడు. ఆఫీసు వెనక టెస్టు ట్రాక్ తీసేసి మంచాలు వేశారు. ఒకదాని మీద అతనూ, పక్కదాని మీద ఇన్‌స్పెక్టర్ ఆమనీ పడుకున్నారు. ఇద్దరికీ కలిపి వచ్చే కలే పరీక్ష.

కలలో దోర్నాల ఘాట్. మబ్బుల్లోంచి లారీ మెల్లగా ఎక్కుతోంది. ఒక మలుపులో ఇంజను వేడెక్కింది. మస్తాన్ బ్రేకు తొక్కి, పాత అలవాటు కొద్దీ క్లీనర్ సీటు వైపు అరిచాడు.

"దిగు, ఎనక టైరు కింద రాయి పెట్టు!"

ఆ సీట్లో ఉన్నది ఆమని. గబగబా దిగి రాయి పెట్టింది. ఇంజను చల్లారేదాకా ఇద్దరూ అడవి గాలి పీలుస్తూ నిలబడ్డారు.

మెలకువ రాగానే మస్తాన్ లేచి చేతులు జోడించాడు.

"తప్పయిపోయింది మేడమ్, క్లీనరనుకున్నా. ఈ కార్డు పోతే నేనింక డ్రైవర్నే కాను."

ఆమె మట్టి అంటిందేమోనని అరచేతులు చూసుకుంది. తర్వాత కార్డు మీద ముద్ర వేసి ఇచ్చింది.

"ఇదేంది మేడమ్, ఏడాదికే ఇచ్చారు?"

"ఐదేళ్లకిస్తే మళ్లీ ఐదేళ్లదాకా రారుగా బాబాయ్."