పది లక్షల ఒకటి

పాలిటెక్నిక్ ఎంట్రన్స్ గైడు మర్నాడు మిషనెక్కుతుందనగా ఆ మనిషి మళ్లీ వచ్చాడు.

ఏలూరు రోడ్డులో గైడ్లు అచ్చేసే రామకోటేశ్వరరావుకి ఒళ్లు మండింది. వారంలో ఇది మూడోసారి.

మాసిన లుంగీ, చేపల వాసన, చేతిలో నిరుటి గైడు నుంచి చింపిన పేజీ. పేరు పెద్దబ్బాయట, ఊరు నాగాయలంకట. అంతకు మించి ఏమడిగినా చెప్పడు.

పేజీలో ఒక బిట్టు చుట్టూ పెన్సిలు గీత ఉంది. 1000001 ప్రధాన సంఖ్య అని గైడు జవాబు. అంటే ఒకటితోనూ, తనతోనూ తప్ప ఇంక దేంతోనూ పోదని.

“తప్పండి. నూట ఒకటితో పోద్దండి,” అన్నాడు పెద్దబ్బాయి.

రామకోటేశ్వరరావు నవ్వాడు. ఆ జవాబు రాసింది ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారు. రెండు, మూడు, ఐదు, ఏడు అంటూ వందలోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూసి మరీ రాశాడు.

“పక్క గైడు వాళ్లు పంపారా నిన్ను?”

“ఎవురూ పంపలేదండి. పిల్లలు ఇదే బట్టీ పడతారండి. ఈసారికైనా మార్చండి బాబూ.”

“ఒక్క బిట్టు కోసం పదహారు పేజీల అచ్చు ఫారం మళ్లీ చెయ్యాలా? కొంపలేం మునగవులే. అసలు ఏం చదివావయ్యా నువ్వు?”

పెద్దబ్బాయి తల దించుకున్నాడు. ఒక కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

గైడు అచ్చయింది. బస్సులెక్కి గుడివాడ, బందరు, ఏలూరు చేరింది. పరీక్షా అయిపోయింది.

జూన్‌లో బల్ల సర్దుతుంటే ప్రూఫులు దిద్దే స్టెల్లాకి ఆ కాగితం కనబడింది. పేజీ నిండా వంకర అంకెలు, కొట్టివేతలు. ఆమె పక్కనే మళ్లీ చేసి చూసింది. నూట ఒకటిని 9901తో హెచ్చవేస్తే సరిగ్గా పది లక్షల ఒకటి వచ్చింది.

“సార్, మన మాస్టారు తొంభై ఏడుతో ఆపేశారు. ఆ తర్వాతి ప్రధాన సంఖ్యే నూట ఒకటి.”

రామకోటేశ్వరరావు తనూ చేసి చూశాడు. సిగ్గేసింది. ఆ వెంటనే ఆశ కూడా పుట్టింది. ఎవరో పెద్ద లెక్కల మాస్టారే, రోజులు బాగోక అలా అయిపోయుంటాడు, ఇకమీద గైడ్లన్నీ ఆయన చేతే దిద్దిద్దాం అన్నాడు.

నాగాయలంక హైస్కూలుకి ఫోన్ చేశాడు. పెద్దబ్బాయిగారు ఏ బళ్లో పనిచేసేవారని మర్యాదగా అడిగాడు.

అవతల ఫోనెత్తిన లెక్కల మాస్టారు అసలు సంగతి చెప్పాడు.

“అతను ఏటిలో వల వేసుకునే మనిషండీ. సంతకం కూడా రాదు. నిరుడు పరీక్షలో ఆ బిట్టే వస్తే, వాళ్లమ్మాయి మీ గైడులో ఉన్నదే పెట్టింది. ఒక్క మార్కులో సీటు పోయి కాలవలో దూకేసింది. ఆ ఒక్క భాగహారం తన చేత్తో చేసి మీకు చూపించాలని, ఆర్నెల్లు నా దగ్గర కూర్చుని అంకెలు దిద్దుకున్నాడండీ.”