బాబూలాల్ యుద్ధవిమానం

"ఈసారి ఇది పడిందంటే నేను ఇక మంచం దిగను గౌసూ," అన్నాడు బాబూలాల్.

తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే పాసింజరు రైలు. పాత దుప్పట్లో చుట్టిన విమానం అతని ఒళ్ళో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన ఫైటర్ విమానానికి నమూనా. నాలుగడుగుల రెక్కలు. లేతు మిషను మీద పని చేసే రోజుల్లో తనే చెక్కి, మోటారు పెట్టి, రిమోట్‌తో పందేల్లో ఎగరేసేవాడు.

"పడదులెండి," అంది అతని భార్య గౌస్ బీ, మెడ నొక్కుకుంటూ.

నాలుగేళ్ళ క్రితం రేపల్లెలో, పందెం మధ్యలోనే బాబూలాల్ కుడిచెయ్యి పడిపోయింది. విమానం రొయ్యల చెరువులో పడింది. ఆర్నెల్లు అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం కూడా వద్దనేవాడు. బాగుచేయించిన విమానం ఎదురుగా పెడితే గానీ లేచి కూర్చోలేదు. ఆ ఏడు బాపట్లలో మూడో స్థానం. మరుసటేడు రెక్క విరిగింది. అతికించి తీసుకెళ్తే రెండో స్థానం.

అప్పట్నుంచీ గౌస్ బీకి ఊపిరాడని పని. వంట, మందులు, రెక్కలకి జిగురు. షుగరుందని రోజూ పొద్దున్నే సంచీ తగిలించుకుని పొలాలవైపు వాకింగుకి వెళ్తుంది. షుగరు మాత్రం తగ్గలేదు.

బాపట్లలో కోతలైన పొలంలో జెండాలు పాతారు. పందెం నడిపే అజయ్ బాబు ఎదురొచ్చాడు.

"ఈ ముసలిదాన్ని మళ్ళీ తెచ్చావా బాబాయ్?"

"నీ కొత్తదానికి దీని తోక చూపిస్తాలేరా!"

బాబూలాల్ కుర్చీలో కూర్చుని రిమోట్ ఒళ్ళో పెట్టుకున్నాడు. గౌస్ బీ ఎప్పట్లాగే వెనక నిలబడింది, చేతులు రెండూ బురఖా లోపలికి లాక్కుని. తస్బీ పూసలు తిప్పుకుంటోంది కాబోలని ఎవరూ ఆమెని పలకరించలేదు.

పది చుట్లు. ఏడో చుట్టులో గాలి తోసింది. విమానం ఒక పక్కకి ఒరిగి, వరి దుబ్బుల మీదకి జారింది.

"అయిపోయింది గౌసూ..."

ఆమె రెప్ప వెయ్యకుండా పైకే చూస్తోంది. విమానం దుబ్బుల్ని రాసుకుంటూ పోయి, ఒక్క ఊపున లేచింది. పదో చుట్టులో ఆఖరి జెండాని మిగతా విమానాలన్నిటికంటే ముందు దాటింది.

అజయ్ బాబు పరుగున వచ్చాడు. "ఇది పడిపోయిన చెయ్యంటే ఎవడన్నా నమ్ముతాడా బాబాయ్!"

బాబూలాల్ కళ్ళు తుడుచుకున్నాడు. "వచ్చే ఏడు రేపల్లెలో గౌసూ. ఆ చెరువు పక్కనే ఎగరేస్తా."

"ముందు టీ తాగండి," అంది గౌస్ బీ నీరసంగా.

సాయంత్రం తెనాలిలో, అతను వాకిట్లో కూర్చుని ఇరుగుపొరుగుకి పందెం సంగతి చెబుతుంటే, గౌస్ బీ అతని రిమోట్‌ని అలాగే గూట్లో పెట్టేసి, తన బురఖాలోంచి తీసిన రిమోట్‌ని ఛార్జింగులో పెట్టింది.