నోరు మూసే లైను

"రేపట్నుంచి పొద్దున్నే అందర్నీ లాగిన్ అడుగుతుంది సార్."

"లాగు అడుగుతుందా? ఎవరావిడ?" మేనేజరు కుర్చీలోంచి సగం లేచాడు.

హాల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా కీబోర్డుల మీదికి తలలు వంచేశారు. టైపు చప్పుడు మాత్రం లేదు. భుజాలు ఊగుతున్నాయంతే.

"లాగు కాదు బావా, లాగిన్. ఆవిడా కాదు, బ్యాచ్ ఫైలనే చిన్న ప్రోగ్రాము," అన్నాడు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే బావమరిది.

"ఇక్కడ బావా అనొద్దన్నానా? సార్ అను! మీ అక్క మొహం చూసి ఇప్పించిన ఉద్యోగం. అదీ టెంపరరీ!"

బావమరిది నోరు మూసుకుని స్క్రీను చూపించాడు. ఆఫీసు ఫైళ్ళన్నీ నెట్‌వర్కులో ఒకేచోట ఉంటాయి. అందరూ ఒకే పేరుతో వెళ్ళొస్తుంటారు. మొన్నెవరో టెండరు ఫైలు తుడిచిపెట్టేశారు. ఎవరని నిలదీస్తే అందరూ ముక్తకంఠంతో కంప్యూటరు పేరు చెప్పారు. ఓనరుకు ఒళ్ళు మండింది. ఎవరి పేరు, ఎవరి పాస్‌వర్డు వాళ్ళనడిగే లోపలికి పంపాలన్నాడు. ఆ ఏర్పాటు చేసినవాణ్ణి ఓ మెట్టు ఎక్కిస్తానన్నాడు. బావమరిదికి పై మెట్టు పర్మనెంటు. బావకి జనరల్ మేనేజరు.

"ఈ మొదటి లైనేమిట్రా, ఎకో ఆఫ్ అని?"

"అది మాత్రం ముట్టుకోకండి సార్. 'పని చెయ్యి, నోరు మూసుకో' అని మెషీనుకి చెప్పే లైను. అది లేకపోతే లోపల రాసుకున్నదంతా బయటికి కక్కేస్తుంది."

"ఆహా, ఎంత చక్కటి లైను! మీ అక్కకి కూడా ఒకటి రాసిపెట్టకూడదూ?" మేనేజరు మురిసిపోయాడు. అంతలోనే మొహం ముడుచుకుంది. "అదే లైన్లో పక్కన ఇంకేదో ఉందే?"

"నా పేరండి. రాసింది నేనని."

"ఓహో. సరేగాని, వెళ్ళి ప్రొజెక్టరు బిగించు. ఓనరుగారొచ్చే టైమైంది."

బావమరిది అటు తిరగ్గానే మేనేజరు ఇటు తిరిగాడు. ముట్టుకోకూడదట! పేరు కాపాడుకోవడానికి వెధవ ఎంత ఎత్తు వేశాడు! మొదటి లైను మొత్తం చెరిపేసి, దాని స్థానంలో 'రచన: మేనేజరు' అని కొట్టాడు. రెండో లైను నుంచి చదవడం ఆయన హోదాకి తక్కువ గనక చదవలేదు. లాగిన్ ఎలా రాస్తారో ఆయనకి తెలియదుగాని, లాగెయ్యడం మాత్రం వెన్నతో పెట్టిన విద్య.

ఓనరొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మేనేజరు గోడకి వీపు పెట్టి, ఓనరుకి పళ్ళు చూపిస్తూ నిలబడ్డాడు.

"రాత్రీ పగలూ కూర్చుని స్వయంగా రాశాను సార్. మా వాడు వైర్లవీ అందించాడు."

వైర్లవీ అందించినవాడు ముందుకొచ్చాడు. కీబోర్డు తెచ్చి ఓనరు ఒళ్ళో పెట్టి, ఫైలు తెరిచాడు.

గోడ మీద నల్లటి కిటికీ వెలిగింది. పైన 'రచన: మేనేజరు'. కింద బిలబిలమంటూ ఏవేవో లైన్లు.

"ఏమిటయ్యా ఈ గోలంతా?"

మేనేజరు వెనక్కి చూడనైనా చూడలేదు. "నా కష్టం సార్. కనబడుతోంది."

చివరికి 'మీ పేరు?' అని అడిగింది. ఓనరు ఒంటి వేలితో పేరు కొట్టి, ఎంటర్ నొక్కాడు. పాస్‌వర్డు అడగాల్సిన చోట తెలుగులో ఇంకేదో పడింది, ఇంగ్లిషు అక్షరాలతో. హాల్లో మళ్ళీ భుజాలు ఊగడం మొదలైంది.

"కళ్ళజోడు కార్లో ఉండిపోయింది. ఏమంటోందది?"

స్వాగత వాక్యాలై ఉంటాయనుకున్నాడు మేనేజరు. అంత మంచి ఘడియ వదులుకోవడం ఆయన జాతకంలోనే లేదు.

"చదవరా! గట్టిగా చదువు. అందరికీ వినబడాలి!"

"వద్దులెండి సార్."

"నేను చెప్తున్నానా? పని చెయ్యి, నోరు మూసుకో!"

"నోరు మూసుకుని ఎలా చదవను బావా?" అంటూ బావమరిది గొంతు సవరించుకుని, గోడ మీదున్నది ఉన్నట్టు చదివాడు:

"ఇది మా బావ రాసింది కాదు. ఆయనే రాసి ఉంటే, ఈ లైను ఎవరికీ కనబడకుండా ఎలా దాచాలో ఆయనకి తెలిసేది."