దిగుడు బావి పందెం

"ఆ పాప కాలికి తాడుండాది చూడప్పా. ఆ కొస ఎవురు పట్టుకున్నారు?"

టీవీ చూస్తూ ఏసేపు అడిగిన ప్రశ్నకు నారాయణ పగలబడి నవ్వాడు. "ఎవురూ పట్టుకోరన్నా. పలక కొట్టుకపోకుండా కాలికి కట్టుకుంటారు, అంతే."

"ఎవురూ పట్టుకోకుండానే అంత సముద్రంలోకి ఇడిసిపెట్టినారా? ఈత పూర్తిగా రాకముందే!"

"ఈత రాకపోవడమేంది? ప్రపంచంలో పెద్ద పోటీ ఇది. పలకెక్కి అలల మీద జారాల. సర్ఫింగ్ అంటారు."

అది మార్చి నెల మాట. మైదుకూరులో నారాయణ విత్తనాల అంగడిని కొడుకు శ్రీకాంత్ చూసుకుంటున్నాడు. తండ్రి ఊరికే కూర్చోలేక ప్రతి దాంట్లో వేలు పెడుతుంటే, వేగలేక గోడకు ఒక టీవీ బిగించాడు. ఛానళ్లు తిప్పుతుంటే ఈ అలల పోటీ కంటబడింది. ఆ రోజు నుంచి ఏసేపు కూడా వచ్చి పక్క కుర్చీలో కూర్చునేవాడు. వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్ము తప్ప చుక్క రాని సీమలో, అన్ని నీళ్లు ఒక్కచోట చూడటమే ఒక పండగ.

పోటీ ఆస్ట్రేలియాలో మొదలై, పోర్చుగల్ పోయి, బ్రెజిల్, దక్షిణాఫ్రికా చుట్టింది. కడప దాటాలంటే నాలుగుసార్లు ఆలోచించే ఇద్దరు పెద్దమనుషులు దాని వెంట దేశాలన్నీ తిరిగారు. బ్రెజిల్ నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల బక్కపిల్ల వాళ్లకు "మన పాప" అయింది.

"మోకాలు వంచు పాపా! ఎనక్కి చూడాకు!" అని ఏసేపు కుర్చీలోంచి అరిచేవాడు. ఆ పిల్ల మోకాలు వంచితే అల దాటేది, వంచకపోతే పడేది. విత్తనాలకు వచ్చిన రైతులు నోరు తెరుచుకుని చూసేవాళ్లు.

"నాకు ఈత నేర్పిన గురువప్పా!" అని నారాయణ వాళ్లకు గొప్పగా చెప్పేవాడు. "నీళ్లలో చేపే అనుకో!"

ఏసేపు నవ్వి ఊరుకునేవాడు.

ఈత నేర్చుకునే రోజుల్లో నారాయణకు ఎనిమిదేళ్లు. ఏసేపు నారాయణ నాయన దగ్గర జీతానికి ఉండేవాడు, వయసు పదిహేడు. ఎండాకాలం వస్తే పెద్దిళ్ల పిల్లలందరినీ నారాయణ వాళ్ల చేనులోని దిగుడు బావికి తోలుకుపోయే పని అతనిదే. మునక్కుండా నడుముకు అయిదు బెండ్లు కట్టి, తాడు బిగించి, నీళ్లలోకి దూకమనేవాడు. రోజుకో బెండు విప్పేసేవాడు. "కాళ్లు కొట్టు! తల ఎత్తు! భయపడాకు, తాడు నా చేతిలోనే ఉండాది!" గట్టు మీద నుంచి వచ్చే ఆ గొంతు వింటే చాలు, నారాయణకు ఎక్కడ లేని ధైర్యమూ వచ్చేది. ఇరవైముగ్గురు పిల్లలు ఈత నేర్చుకున్నారు. ఒక్కరికి కూడా ఏమీ కాలేదు. ఆ ఎండాకాలాల కంటే మంచి రోజులు తన బతుకులో మళ్లీ రాలేదని నారాయణకు గట్టి నమ్మకం.

ఇరవై ఏళ్లు ఎండిపోయి ఉన్న ఆ బావిలో రెండేళ్లుగా వానలకు నీళ్లు నిలిచాయి. నిలిచిన వేళే బాగాలేదు. ఆ చేను ప్లాట్లు చేస్తానని శ్రీకాంత్ పట్టుబట్టాడు. ఆదివారం దాటితే బావి పూడ్చేస్తారు.

"పూడ్చే లోపల ఒక్కసారి నీతో కలిసి ఆ బావిలో ఈదాలన్నా. ఇంక నాకే ఆశా లేదు," అన్నాడు నారాయణ.

ఏసేపు నీళ్లు నమిలాడు. ఒకరోజు దగ్గన్నాడు, ఒకరోజు చర్చిలో పనుందన్నాడు. నారాయణకు మనసు చివుక్కుమంది. చివరికి పందెం కట్టాడు.

"ఫిజీలో జరిగే ఆఖరి పోటీలో మన పాప గెలిస్తే ఇద్దరం దూకాల. ఓడిపోతే మళ్లీ నేనడగను."

ఏసేపు టీవీ వంక చూస్తూ, "కానీలే నారాయణప్పా," అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే ఆఖరి పోటీ. పాప వెనకబడింది. పదికి ఏడు మార్కులు కావాలి, నిమిషమే మిగిలింది. ఎప్పుడూ అరిచే ఏసేపు ఆ రోజు నోరు మెదపలేదు. అంతలో దూరాన ఒక పెద్ద అల లేచింది. పాప ఎందుకో తటపటాయించింది. ఏసేపు కుర్చీ తన్నేసి లేచాడు.

"లెయ్ పాపా! లెయ్! భయపడాకు!"

పాప లేచింది. ఎనిమిది మార్కులు పడ్డాయి. నారాయణ చిన్నపిల్లాడిలా ఎగిరాడు. ఏసేపు కళ్లు తుడుచుకున్నాడు.

శనివారం ఇద్దరూ బావి దగ్గరికి పోయారు. నారాయణ పంచె ఎగ్గట్టి రెండో మెట్టు మీది నుంచి దభీమని దూకాడు. అరవై మూడేళ్ల ఒళ్లు ఎనిమిదేళ్లదైపోయింది. గోడ వెంబడి ఒక చుట్టు ఈది, తడి కళ్లతో పైకి చూశాడు.

"దూకన్నా! పందెం మర్చిపోయినావా?"

ఏసేపు చెప్పులు విప్పి మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. కాలు ముందుకు సాగలేదు.

"నాకు ఈత రాదు నారాయణప్పా."

నారాయణ నవ్వాడు. "ఇరవైముగ్గురికి నేర్పినోడివి! పరాచికాలా?"

"గట్టు మీద కూచుని కప్పల్ని, మిమ్మల్ని చూసి చెప్పినా. అంతే."

నారాయణ నవ్వు ఆగింది. "మాతోపాటు నువ్వు కూడా ఎందుకు నేర్చుకోలేదన్నా?"

ఏసేపు గొంతులో కోపం లేదు.

"మీ నాయన నన్ను ఈ నీళ్లు ముట్టనిచ్చినాడా?"