సభ్యుడే రావాలి

జగ్గమ్మ సంచిలో ఉతికిన పంచె, సొసైటీ కార్డు, ఒక పూటకి చద్దన్నం మూట సర్దింది. వాటి మీద పలక పెట్టింది.

"పలకేటే? బడికెల్తన్నానేటి?" అన్నాడు అసిరయ్య. ఆమె మొగుడు లక్ష్ముడికి స్వయానా అన్న.

"బస్సులో దిద్దుకో బావా. సంతకం ఇంకా వంకరే వస్తన్నాది."

లక్ష్ముడు కూలి పనికని ఖరగ్‌పూర్ వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. ఉత్తరం లేదు, కబురు లేదు. పొలమూ చీపురుపల్లి సొసైటీ సభ్యత్వమూ అతని పేరునే ఉన్నాయి. పాత సెక్రటరీ చూసీచూడనట్టు ఆమెకే ఎరువు ఇచ్చేవాడు. కొత్తాయన కుదరదన్నాడు. సభ్యుడే వచ్చి సంతకం పెట్టాలి. లేదా భర్త పోయాడని ఆమె రాసివ్వాలి. నాటిన ఎకరన్నర కొత్తరకం వరి ఎరువు లేక పసుపెక్కుతోంది. బయట బస్తా దొరకదు.

"బతికున్న మనిసిని నా సేత్తో ఎలా సంపీమంటారు బావా?"

అసిరయ్య వంగి చెప్పు వారు సరిచేసుకున్నాడు.

"అడిగితే ఏటని సెప్తావు?" అంది జగ్గమ్మ.

"నానే లక్ష్ముణ్ణంతాను."

"తండ్రి పేరు?"

"ఓసి నీ తెలివి! ఇద్దరికీ అయ్య ఒకడే గదే!"

జగ్గమ్మ నవ్వింది. వెంటనే ముఖం ముడుచుకుంది. "పట్టుకుంటే?"

"నా సభ్యత్వమూ పోద్ది. ఇద్దరం కూకుని గంజి తాగుదాం." అతను పలక తీసి అరుగు మీద పెట్టేశాడు. "ఇదొద్దులే. నానేదో సూసుకుంటాను."

సాయంత్రానికి రావలసిన మనిషి రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు జగ్గమ్మ వండుకోలేదు. పోలీసులు తీసుకుపోయి ఉంటారనుకుంది. తన మొండితనంతో, ఉన్న ఆ ఒక్క దిక్కునూ సాగనంపేశాననుకుంది.

అయిదో రోజు అసిరయ్య రెండు అమ్మోనియా ఎరువు బస్తాలతో బండి దిగాడు.

"ఇన్నాళ్ళేటి బావా! నా పానం పోయిందనుకో."

"సరుకు దిగడం ఆలీసమైంది."

"సెక్రటరీ అనుమానపడ్నేదా?"

"నేదు."

"సంతకం?"

"కుదిరింది."

"సూసినావా! మీ తమ్ముడు బతికున్నాడని పుస్తకంలోకెక్కింది. ఇంక నన్నెవుడూ రాయమనడు."

ఆమె అన్నం పెట్టింది. అసిరయ్య కలిపిన ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి కంచంలోనే వదిలేశాడు.

"ఆకలి నేదమ్మా."

మర్నాడు ఇద్దరూ చేలో ఎరువు చల్లారు. "ఆయనొచ్చీసరికి సేను పచ్చగుండాల బావా," అంది జగ్గమ్మ. అసిరయ్య మరో గట్టు వైపు వెళ్ళిపోయాడు.

1968 ఆగస్టు పన్నెండున, అన్న ఖరగ్‌పూర్ వెళ్ళి తీసుకొస్తే చీపురుపల్లి వచ్చి, తన సంతకం తనే పెట్టి వెళ్ళిన లక్ష్ముడు ఇంటికి మాత్రం ఎన్నడూ రాలేదు.